సగటు తరుగు వేరు, ఈ పూట తరుగు వేరు

అనంతపురం ప్రాంతంలో కొత్త వేరుశనగ కాయ కళ్లాలకు రాగానే కొనేవారికీ అమ్మేవారికీ మొదట వచ్చే పేచీ తరచు తరుగు గురించే. కాయలో నిమ్ము ఎంత, ఎండితే ఎంత బరువు పోతుంది, అందుకు క్వింటాలుకు ఎన్ని కిలోలు తీయాలి అన్నదే వాదన. రెండు వేర్వేరు లెక్కలను ఒకటిగా భావించడం వల్ల ఈ వాదన ముదురుతుంది. ఒకటి సగటు మార్పు రేటు. రెండవది ఆ క్షణపు మార్పు రేటు. ఇంటర్మీడియట్ విద్యార్థులు కలన గణితం తొలి పాఠాల్లో చదివే ఈ భేదం కాటా దగ్గర నిలబడే వ్యాపారికీ అవసరమే.

కళ్లంలో లెక్క

చెట్టు పెరికి అప్పుడే తెంపిన పచ్చికాయలో నిమ్ము నూటికి 35, 40 వంతుల వరకు వుంటుంది. నిలవకు పనికిరావాలంటే అది 8కి అటూ ఇటూగా దిగాలి. వివరణ కోసం ఒక లెక్క వేసుకుందాం. రాత్రి పగలు తేడాను పక్కన పెడదాం. క్వింటాలు పచ్చికాయను ఆరబోసి ప్రతి 24 గంటలకు తూచగా, అప్పటికి తగ్గిన మొత్తం బరువు వరుసగా 11, 20, 27, 32, 35, 36 కిలోలు అనుకుందాం. రోజుల సంఖ్యను 12తో హెచ్చించి, అందులో నుంచి రోజుల వర్గాన్ని తీసివేస్తే ఈ అంకెలే వస్తాయి.

ఆరు రోజుల్లో తరుగు 36 కిలోలు. అంటే సగటున రోజుకు 6 కిలోలు. కాని మొదటి రోజు పోయింది 11 కిలోలు, చివరి రోజు పోయింది ఒక్క కిలోయే.

ఇప్పుడు, రెండు రోజులు పూర్తయిన ఆ నిమిషాన తరుగు ఏ వేగంతో సాగుతున్నది? ఆ తరువాత ఒక రోజులో తగ్గింది 7 కిలోలు. అరరోజు మాత్రమే చూస్తే 3.75 కిలోలు, అనగా రోజుకు 7.5 కిలోల చొప్పున. రోజులో పదోవంతు చూస్తే రోజుకు 7.9 చొప్పున. నూరోవంతు, అంటే సుమారు 14 నిమిషాలు చూస్తే 7.99 చొప్పున. వ్యవధిని ఎంత తగ్గిస్తే అంతగా ఈ రేటు 8కి చేరువ అవుతున్నది. ఈ 8నే అవధి అంటారు. అదే ఆ క్షణపు మార్పు రేటు, గణితంలో అవకలజం. ఈ లెక్కలో సగటు 6తో ఈ రేటు సరిగ్గా కలిసేది ఒక్కసారే, మూడు రోజులు నిండిన వేళ.

నష్టం ఎవరికి?

సగటును నమ్మిన మిల్లరు మొదటి రోజు పచ్చికాయ కొని, మర్నాటికి 6 కిలోలే పోతుందని ధర కట్టాడనుకోండి. పోయేది 11 కిలోలు. నూరు క్వింటాళ్ల మీద 5 క్వింటాళ్ల బరువు అతనికి నష్టం. నాలుగు రోజులు ఎండిన కాయకు అదే సగటుతో మిగిలిన రెండు రోజులకు 12 కిలోల తరుగు తీస్తే, నిజంగా పోయేది 4 కిలోలే. తొలి క్వింటాలు మీద 8 కిలోలు రైతుకు నష్టం. అలాగని ఈ క్షణపు రేటును చివరిదాకా పొడిగించినా తప్పే. మొదటి రోజు ముగిసే సమయానికి రేటు రోజుకు 10 కిలోలు. మిగిలిన ఐదు రోజులకు 50 పోతుందని లెక్కిస్తే, పోయేది 25 మాత్రమే.

ధరలోనూ ఇంతే

కేంద్రం ప్రకటించిన వేరుశనగ మద్దతు ధర 2020-21లో క్వింటాలుకు రు. 5,275. అది 2025-26కు రు. 7,263 అయింది. ఐదేళ్ల పెరుగుదల రు. 1,988. సగటున ఏడాదికి రు. 397.60. ఏటేటా పెరిగింది మాత్రం వరుసగా రు. 275, 300, 527, 406, 480. సగటు ఏ ఒక్క ఏటి పెరుగుదలతోనూ కలవలేదు. పైగా మద్దతు ధర మెట్లు ఎక్కినట్లు పెరుగుతుంది. రెండు ప్రకటనల మధ్య మార్పు రేటు సున్న. మెట్టు దగ్గర క్షణపు రేటు అనే మాటకే అర్థం లేదు.

వర్షం సంగతీ ఇంతే. అనంతపురం వార్షిక సగటు సుమారు 550 మిల్లీమీటర్లు. రోజుకు పంచితే ఒకటిన్నర మిల్లీమీటరు. ఆ లెక్కన ఏ రోజూ వాన రాదు. ఊడలు దిగే రోజుల్లో వాన మొగం చాటేస్తే ఏడాది సగటు నిండినా కాయ నిండదు. తుంగభద్ర కాలువ నీటి లెక్కలో ఈ భేదం మనకు అలవాటే. క్యూసెక్కు ఆ క్షణపు రేటు, టి.ఎం.సి. పారిన మొత్తం. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టి.ఎం.సి.

పంచాంగం చూసే వర్తకులకు మరొక మాట. 1150లో సిద్ధాంత శిరోమణి రచించిన భాస్కరాచార్యుడు గ్రహాల దినగతి వేరు, తాత్కాలిక గతి వేరు అన్నాడు. వేగంగా కదిలే చంద్రునికి రోజు సగటు చాలదని ఆయన గ్రహించాడు. ఇక్కడ తాత్కాలికం అంటే కొద్దికాలపుది అని కాదు, ఆ కాలానికి చెందినది అని. న్యూటన్, లైబ్నిట్జ్ కలన గణితాన్ని శాస్త్రంగా నిలిపింది 17వ శతాబ్దంలో.

కనుక సీజన్ మొత్తం ఖాతాకు సగటు చాలు. ఈ పూట బేరానికి మాత్రం సరుకును ఈ పూటే తూచాలి, నిమ్ము ఈ పూటే చూడాలి. ఎన్నాళ్ల సగటు అని చెప్పకుండా ఎవరైనా రేటు చెబితే, తరుగు ఒప్పుకునే ముందు ఆ ప్రశ్న అడగడం ఉభయులకూ క్షేమం.