చౌడు తేలిన మడి

ఎండాకాలంలో కృష్ణా డెల్టా చివరన, నాగాయలంక వైపు వెళితే కోతలైపోయిన మళ్లలో అక్కడక్కడా సున్నం చల్లినట్టు తెల్లటి పొర కనిపిస్తుంది. తొక్కితే పొడిపొడిగా రాలుతుంది. వేలికి అద్దుకుని నాలుకకు రాస్తే ఉప్పన. రైతులు దీన్ని ‘చౌడు తేలింది’ అంటారు. సరైన మాట. ఆ ఉప్పు నిజంగా కింది నుంచి తేలిందే.

లాంతరు వత్తి కిరసనాయిలును పీల్చినట్టు నేల అడుగునీటిని పైకి లాగుతుంది. నీటిమట్టం ఐదారడుగుల లోపుకు వచ్చిందంటే ఆ తడి పైదాకా అందుతుంది. ఎండకు నీరు ఆవిరై ఉప్పు మిగిలిపోతుంది. సముద్రం దగ్గర అడుగునీరే ఉప్పన. పైగా పోటు వేళ ఉప్పునీరు మురుగు కాలువల్లోకి ఎగదన్నుతుంది. పక్కనే ఉప్పునీటి రొయ్యల చెరువుంటే ఊట గట్టు దాటి వస్తుంది.

సముద్రం లేని చోటా చౌడు పడుతుంది. చిన్న లెక్క చూడండి. తాగునీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాముల లవణాల వరకు మన ప్రమాణాలు ఒప్పుకుంటాయి. అంత మంచి నీళ్లనే ఎకరంలో అడుగు లోతున పెడితే 12 లక్షల లీటర్ల పైమాట. అందులో ఉప్పు 600 కిలోలు! వరికి పంటకాలంలో అలాంటి అడుగులు మూడు నాలుగు కావాలి. మురుగు పోయే దారి ఉంటే ఆ ఉప్పూ పోతుంది. లేకుంటే చాలావరకు పొలంలోనే ఉండిపోతుంది. నీరు తెచ్చే కాలువ మీద ఉన్న శ్రద్ధ మురుగు కాలువ మీద లేకపోవడమే మన చౌడుకు పెద్ద కారణమని నా నమ్మకం.

ఉప్పు కలిపిన మామిడి ముక్కల్లోంచి ఊట దిగడం ఇంట్లో చూస్తూనే ఉంటాం. చౌడులో వేళ్ల గతి దాదాపు అదే. మడిలో నీళ్లున్నా మొక్క తాగలేదు. ఆకుల కొనలు ఎండుతాయి, పిలకలు తగ్గుతాయి, కంకిలో తాలు పెరుగుతుంది. నారు దశలో, పూత దశలో వరి అసలు తట్టుకోలేదు.

చౌడంతా ఒకటి కాదు. తెల్లటి ఉప్పు పొర తేలే పాలచౌడుకు మందు మంచినీరే: మడి చదును చేసి, గట్లు వేసి, నీరు నిలిపి, మురుగులోకి వదిలేయాలి. మూడు నాలుగుసార్లు చేయాలి. కారుచౌడులో సోడియం మట్టి రేణువులను విడగొట్టేస్తుంది. తడిస్తే బంక, ఎండితే రాయి, నీరు ఇంకదు. అక్కడ ముందు జిప్సం వేసి, తర్వాత నీటితో కడగాలి. ఆపైన జీలుగ పెంచి కలియదున్నాలి. పాలచౌడులో జిప్సం బస్తాలు కుమ్మరించి డబ్బు పోగొట్టుకునే రైతులను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

అందుకే జిప్సం కొనకముందు వేసవిలో మట్టి పరీక్ష చేయించండి. పొలంలో ఆరడుగుల గొయ్యి తీసి నీరు ఎంత లోతున ఊరుతోందో చూడండి. మురుగు బోదె పూడిక తీయడం మాత్రం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. కింది రైతు బోదె పూడిపోతే పై రైతు ఎంత కడిగినా ఉప్పు కదలదు. తొలకరికి ముందే ఆయకట్టు రైతులంతా కలిసి ఆ పని పూర్తి చేసుకోండి.