పాఠం 9: మట్టి లేని కుండీలో లెట్యూస్ – సున్నం ఎప్పుడు, ఎంత?

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో మరమగ్గాల మీద పనిచేసే తెలుగు కుటుంబాలు అనేకం ఉన్నాయి. అటువంటి ఒక ఇంటివారు డాబా మీద పది కుండీలలో లెట్యూస్ వేశారనుకుందాం. మట్టి బరువెక్కువని కొబ్బరి పీచు పొట్టు నింపారు. సున్నం మంచిదని ఎవరో చెబితే, గోడలకు పూసే సున్నం కుండీకి రెండు చెంచాలు కలిపారు. కొద్ది రోజులకే లేత ఆకులు పసుపుబారాయి. డబ్బు, శ్రమ వృథా అయ్యాయి. పొరపాటు ఎక్కడ జరిగింది?

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• మాధ్యమం పి.హెచ్. పరీక్షించగలుగుతారు.
• సున్నం అవసరమో కాదో నిర్ణయించగలుగుతారు.
• తగిన మోతాదు లెక్కకట్టగలుగుతారు.

9.1 పి.హెచ్. అంటే ఏమిటి?

ఒక పదార్థం ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో తెలిపే సంఖ్య పి.హెచ్. 7 తటస్థం. అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. పి.హెచ్. 5 ఉన్న పదార్థం 6 ఉన్నదానికంటే పది రెట్లు ఆమ్లం. మట్టి లేని మాధ్యమంలో లెట్యూస్‌కు 5.5 నుండి 6.5 వరకు అనుకూలం. పి.హెచ్. బాగా పెరిగితే వేళ్ళు ఇనుమును తీసుకోలేవు. అప్పుడు లేత ఆకులలో ఈనెలు పచ్చగా ఉండి, మధ్య భాగం పసుపుబారుతుంది. మన ఉదాహరణలో జరిగింది ఇదే.

9.2 అన్ని మాధ్యమాలూ ఒకటి కావు

చలిదేశాల చిత్తడి నేలల నుండి తీసే పీట్ చాలా ఆమ్లం. దాని పి.హెచ్. సుమారు 3.5 నుండి 4.5 వరకు ఉంటుంది. అందుకే ఆ దేశాల పుస్తకాలు సున్నం కలపమంటాయి. మన నర్సరీలలో ఎక్కువగా దొరికే కొబ్బరి పీచు పొట్టు పి.హెచ్. సాధారణంగా 5.5 నుండి 6.8 మధ్య ఉంటుంది. దానికి తరచు సున్నం అక్కరలేదు. దాని అసలు సమస్య ఉప్పు. కనుక మంచినీటితో రెండు మూడు సార్లు కడగాలి. పి.హెచ్. సరిగా ఉండి కాల్షియం మాత్రమే చాలకపోతే జిప్సం వాడవచ్చు. అది పి.హెచ్.ను పెంచదు.

9.3 ఏ సున్నం? ఎంత?

గోడలకు పూసేది, తాంబూలంలో వేసుకునేది తడిసున్నం. అది పి.హెచ్.ను ఒక్కసారిగా పెంచి వేళ్ళకు హాని చేస్తుంది. కుండీలకు మెత్తని సున్నపురాయి పొడి గాని, మెగ్నీషియం కూడా ఇచ్చే డోలమైట్ పొడి గాని వాడాలి. ఇవి నిదానంగా పనిచేస్తాయి.

పీట్‌కు సాధారణ మోతాదు ఘనపు మీటరుకు సుమారు 3 కిలోలు. ఘనపు మీటరు అంటే 1000 లీటర్లు. అంటే లీటరుకు 3 గ్రాములు. 20 లీటర్ల బకెట్టుకు 20 × 3 = 60 గ్రాములు. పొడిని బాగా కలిపి, తడిపి, ఒకటి రెండు వారాలు ఉంచి, మళ్ళీ పరీక్షించిన తరువాతే నారు నాటండి.

బోరు నీరు కఠినజలమైతే అది కూడా పి.హెచ్.ను క్రమంగా పెంచుతుంది. అటువంటి చోట సున్నం మరింత తగ్గించాలి.

చేసి చూడండి

ఒక కప్పు మాధ్యమంలో రెండు కప్పుల డిస్టిల్డ్ వాటర్ పోసి కలపండి. అరగంట తరువాత గుడ్డతో వడకట్టండి. ఆ నీటిలో పి.హెచ్. కాగితం ముంచి, వచ్చిన రంగును పెట్టెమీది రంగులతో పోల్చండి. ఫలితాన్ని తేదీతో సహా రాసుకోండి.

గుర్తుంచుకోండి: సున్నం కలపడం సులభం, కలిపినదాన్ని తీయడం కష్టం. ముందు పరీక్ష, తరువాతే సున్నం.

పాఠంలోని ప్రశ్నలు

1. పి.హెచ్. 6.2 ఉన్న కొబ్బరి పీచు పొట్టుకు సున్నం కలపాలా?
2. 50 లీటర్ల పీట్‌కు ఎంత సున్నపురాయి పొడి కావాలి?

జవాబులు: 1. అక్కరలేదు. 2. సుమారు 150 గ్రాములు.