ఆకలి మందగించినప్పుడు కంచంలో ఏముండాలి?

బరువు తగ్గడానికి వారానికో ఇంజెక్షన్ వేసుకుంటున్నవాళ్లను పలకరిస్తే చాలామంది మొదట చెప్పే మాట, "అన్నం ధ్యాసే రావట్లేదండీ" అని. పొద్దున ఒక ఇడ్లీ తింటే మధ్యాహ్నం దాకా కడుపు బరువుగానే ఉంటుంది. భోజనానికి కూర్చుంటే నాలుగు ముద్దల పెరుగన్నం, రాత్రికి గ్లాసెడు మజ్జిగ. ఏళ్ల తరబడి ఆకలిని అణచుకోలేక, ఇంట్లోవాళ్ల మాటలు పడి విసిగిన మనిషికి ఇది ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు.

అయితే ఆ రోజు తిన్నదంతా ఒకసారి లెక్క వేసి చూడండి. ఇడ్లీలో 2 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, ఆ కాస్త పెరుగన్నంలో ఐదో ఆరో గ్రాములు, మజ్జిగలో రెండు. మొత్తం 10 గ్రాముల దగ్గరే ఆగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క కట్టింది. 80 కిలోల మనిషికైతే 66 గ్రాములు. మందు ఆకలిని తగ్గించింది గానీ ఒంటి అవసరాన్ని తగ్గించలేదు. ఈ సంగతి ఇంజెక్షన్ రాసిచ్చే రోజునే రోగికి విడమరిచి చెప్పాలి. చాలాచోట్ల అది జరగడం లేదన్నదే నా బాధ.

మందు పనిచేసే తీరు తెలిస్తే తిండి సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. మనం తిన్నప్పుడల్లా పేగుల్లోని కొన్ని కణాలు జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌ను వదులుతాయి. ఇన్సులిన్ ఊరడానికి అది తోడ్పడుతుంది, జీర్ణకోశం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, ఇక చాలని మెదడుకు కబురు పెడుతుంది. సహజంగా ఊరే ఈ హార్మోన్ రెండు నిమిషాల్లోనే సగం కరిగిపోతుంది. వారానికోసారి ఇంజెక్షన్‌గా వేసుకునే సెమాగ్లుటైడ్ దానికి నకలే, కాకపోతే రక్తంలో వారం రోజుల దాకా నిలిచేలా మార్చి తయారుచేశారు. ఇలాంటిదే ఇంకో మందు టిర్జెపటైడ్, జీఎల్‌పీ-1 పనితోపాటు జీఐపీ అనే ఇంకో పేగు హార్మోన్ పనిని కూడా చేస్తుంది. ఈ కుటుంబంలో మొదటి మందు ఎక్సెనటైడ్ 2005లో వచ్చింది. దానికి ఆధారం, అమెరికా ఎడారుల్లో బతికే గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి లాలాజలంలో దొరికిన పదార్థం.

ఫలితాలు నిజంగానే పెద్దవి. 2021లో వెలువడిన స్టెప్-1 అధ్యయనంలో 1,961 మంది పాల్గొన్నారు. సెమాగ్లుటైడ్ తీసుకున్నవారు 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గారు. వారిలో కొందరికి ప్రత్యేక స్కానింగ్ చేసి, తగ్గిన బరువు ఎక్కడిదో చూశారు. పోయినదాంట్లో దాదాపు 40 శాతం కొవ్వు కాదు, కొవ్వేతర భాగం. అందులో నీరు, అవయవాల బరువు కూడా కలిసి ఉంటాయి కాబట్టి అంతా కండే అనుకోకూడదు. టిర్జెపటైడ్ అధ్యయనంలో ఆ వాటా నాలుగో వంతు దగ్గర ఉంది. ఏ దారిలో బరువు తగ్గినా కొంత కండ కరుగుతుంది. ఇక్కడ తగ్గుదల పెద్దది, తిండి బాగా చిన్నది. అందుకే జాగ్రత్త ఎక్కువ కావాలి.

ఈ జాగ్రత్త మనవాళ్లకు మరీ ముఖ్యం. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో పక్కపక్కన నిలబడిన తమ ఫొటో వేసి ఒక పోలిక చూపించారు. ఎత్తు, బరువులను బట్టి లెక్కించే బీఎంఐ ఇద్దరికీ 22.3 దగ్గరే ఉంది. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చూడ్డానికి సన్నగా ఉన్నా మన ఒంట్లో కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. ఇన్సులిన్ పిలుపు విని రక్తంలోని చక్కెరను ఎక్కువగా లోపలికి తీసుకునేది కండరాలే. ఉన్న కొద్దిపాటి కండనూ పోగొట్టుకుంటే షుగర్ ఉన్నవాళ్లకు నష్టం, అరవై దాటినవాళ్లకు మెట్లెక్కడమే కష్టం. మందు ఆపేశాక ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగి వచ్చినట్టు స్టెప్-1 కొనసాగింపులో తేలింది. ఆ తిరిగొచ్చే బరువులో కొవ్వే ఎక్కువయ్యే ప్రమాదం ఉంది.

అందుకే ఈ మందులు వాడేటప్పుడు కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా ప్రొటీన్ తీసుకోమని నిపుణులు చెబుతున్నారు. బరువు బాగా ఎక్కువున్నవారికి ఉన్న బరువు మీద కాకుండా చేరాల్సిన బరువు మీద లెక్క కడతారు. 65 కిలోలకు చేరాల్సిన మనిషికి కనీసం 78 గ్రాములు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పినంతే తినాలి.

చిన్నబోయిన కడుపులో 78 గ్రాములు పట్టేదెలా? మన వంటింట్లోనే దారి ఉంది. 60 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు పోస్తే సుమారు 15 గ్రాములు వస్తుంది. గుడ్డులో 6, వంద గ్రాముల చేపలో 18 నుంచి 20, గుప్పెడు వేయించిన శనగల్లో 6, గ్లాసు పాలలో 6. శాకాహారులకు మీల్ మేకర్ గొప్ప ఆసరా, 25 గ్రాముల ఎండువాటిలో 13 గ్రాములు ఉంటాయి. వంద గ్రాముల పనీర్‌లో 18 దాకా ఉంటుంది. ఇవన్నీ మూడు పూటల్లో ఇమడవు. ఐదారుసార్లు కొంచెం కొంచెంగా తినాలి.

మన భోజనం తీరు కూడా కాస్త మార్చుకోవాలి. మనకు అన్నం పునాది, మిగతావన్నీ దానిలో కలుపుకునేవి. నాలుగు ముద్దలకే కడుపు నిండేవాళ్లకు ఆ నాలుగూ అన్నమే అయితే ఇక దేనికీ చోటుండదు. గట్టి పప్పు గిన్నెలో వేసుకుని చెంచాతో ముందు తినండి. తర్వాత గుడ్డో చేపో కూరో. ఓపిక మిగిలితే చివర కాస్త అన్నం. చారన్నంతో సరిపెట్టుకోవడం తేలికే, కానీ అందులో కండకు అందేది దాదాపు ఏమీ లేదు.

వికారం మొదటి వారాల్లోనూ, మోతాదు పెంచినప్పుడూ ఎక్కువ. జీర్ణకోశం ఇప్పటికే నెమ్మదించింది, నూనె దాన్ని మరింత నెమ్మదింపజేస్తుంది. అందుకే పునుగులు, బజ్జీలు, బిర్యానీ ఆ రోజుల్లో బాగా ఇబ్బంది పెడతాయి. నెమ్మదిగా నమిలి, కడుపు నిండకముందే లేవాలి, తిన్న వెంటనే నడుం వాల్చకూడదు. దాహం కూడా తగ్గుతుంది కాబట్టి నీళ్లు గుర్తు పెట్టుకుని తాగాలి, భోజనం మధ్యలో కాకుండా విడిగా, గుక్కగుక్కగా. మలబద్ధకానికి తోటకూర, బీరకాయ, జామపండు పనికొస్తాయి. నీళ్లు తాగకుండా పీచు పెంచితే కష్టం ఇంకా ఎక్కువవుతుంది.

విటమిన్లలో బీ12 సంగతి చూసుకోవాలి, ముఖ్యంగా శాకాహారులు, షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు. బీ1, అంటే థయమిన్, గురించి ఒక మాట చెప్పాలి. జాతీయ పోషకాహార సంస్థ పుట్టిందే 1918లో కూనూరులో, బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం. హైదరాబాద్‌కు 1958లో వచ్చింది. మరపట్టిన తెల్లబియ్యం తిని, థయమిన్ అందక వచ్చే ఆ జబ్బు ఒకప్పుడు మన సర్కారు జిల్లాల్లో బాగా ఉండేది. ఒంట్లో థయమిన్ నిల్వ కొన్ని వారాలకే సరిపోతుంది. రోజుల తరబడి వాంతులతో తిండి ఆగిపోతే ఆ లోటు మళ్లీ రావచ్చు.

తిండి ఒక్కటే కండను కాపాడలేదు, దానికి పని కూడా చెప్పాలి. నడక గుండెకు మంచిది, కండకు చాలదు. వారానికి రెండు మూడు రోజులు బరువులు ఎత్తాలి. జిమ్‌కు వెళ్లలేనివాళ్లు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదేసిసార్లు లేచి కూర్చోవడం, నీళ్ల సీసాలు ఎత్తడం, గోడకు చేతులు ఆనించి ఒంటిని నెట్టడం చేయొచ్చు.

మన దేశంలో సెమాగ్లుటైడ్ పేటెంట్ గడువు 2026 మార్చితో తీరింది. ధర దిగేకొద్దీ వాడేవాళ్లు పెరుగుతారు. మందుల షాపులో అడిగి తెచ్చుకుని వేసుకోకండి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు డైటీషియన్ సలహా కూడా అడగండి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడుతుంటే, తిండి తగ్గినందుకు వాటి మోతాదు మార్చాలేమో అడగండి. ఒక రోజు దాటి వాంతులు ఆగకపోయినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, వీపులోకి పాకే కడుపునొప్పి వచ్చినా, నడకలో తూలినా, ఒకటి రెండుగా కనబడినా తర్వాతి ఇంజెక్షన్ రోజు దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.