మంచము చెంత నర్సమ్మ

హైదరాబాదునుండి బీజాపూరునకు పోవు మార్గమున, ఊడలు దింపిన మఱ్ఱిచెట్ల నీడలను దాటుచు మొయినాబాదు మీదుగా చేవెళ్ల చేరువఱకు, పూలతోటలును, కూరగాయల మళ్లును, వాని నడుమ నిటీవల లేచిన ప్రహరీగోడలును కానవచ్చును. ఆ గోడలలో కొన్ని, మొన్నమొన్నటివఱకు ఎవరో యొక ముదుసలి రైతు అరక కట్టి దున్నిన నేలపై నిలిచినవే. భూమి అమ్ముడుపోయినది, కొడుకులు పట్నము చేరిరి, కొట్టమున ఎద్దులు లేవు, ఐనను అలవాటుచొప్పున తెల్లవాఱుజామున నాలుగింటికే మెలకువ వచ్చును, వచ్చిన మెలకువకు పని యుండదు. అతనిని పలుకరింపుడు: "పానం మంచిగ లేదు బిడ్డా" అనును. ఇంటివారు "మనాది పట్టుకున్నది" అందురు. వైద్యగ్రంథములు కుంగుబాటు అని వ్రాయు రుగ్మతకు ఈ సీమవారు నిలుపుకొన్న పేరది. అంతకంటె మంచి మాట నాకు తోచదు. చిలుకూరు బాలాజీకి వీసా కొఱకు మ్రొక్కి, కోరిక తీరిన పిదప 108 ప్రదక్షిణములు చేసి విదేశములకేగిన బిడ్డల తల్లిదండ్రులకును ఈ మనాది కొత్త గాదు.

ఇట్టివారు వైద్యమునకు పోరు. మోకాళ్లు సహకరింపవు, వెంటపోవువానికి ఒకనాటి కూలి పోవును, అన్నిటికి మించి, ఎఱ్ఱగడ్డ మానసిక వైద్యశాల పేరే ఈ ప్రాంతమున ఎగతాళి మాటయై కూర్చున్నది. కావున వైద్యమే రోగి వాకిటికి నడచిరావలెను. అమెరికాలో 1965లో కొలరాడో విశ్వవిద్యాలయమున లొరెట్టా ఫోర్డ్ అను నర్సును, హెన్రీ సిల్వర్ అను వైద్యుడును కలసి నర్స్ ప్రాక్టీషనర్ చదువునకు అంకురార్పణ చేసిరి. నర్సులకే పైశిక్షణ నిచ్చి, రోగిని పరీక్షించి వ్యాధిని నిర్ణయించి మందు వ్రాయు అధికారమును కట్టబెట్టిన ఆ వృత్తిలో నేడు మానసిక వైద్యము ఒక శాఖ. ఆ శాఖవారిలో కొందఱు వృద్ధుల యిండ్లకును, వృద్ధాశ్రమములకును స్వయముగ తిరుగుచుందురు.

అట్టి నర్సు చేవెళ్ల ప్రక్క పల్లెలో ఒక యింటికి వచ్చినదనుకొందము. ఆమె ఆ యింటి అవ్వ మంచము పట్టెమీద కూర్చుండి మొదట అడుగునది "బువ్వ తిన్నవా అవ్వా, ఏం కూరతోని?" అని. అది కుశలప్రశ్నయు ఔను, జ్ఞాపకశక్తికి పరీక్షయు ఔను; అక్షరము నేర్వని వృద్ధురాలికి కాగితముపై గడియారము గీయుమనుటకంటె, సంతలో టమాట ధర యడిగి చిల్లర లెక్క చెప్పించుట మేలు. కోడలు అడ్డుపడి, రాత్రంతయు చనిపోయిన మామతో మాటలాడుచున్నదనును. "ఎన్నొద్దుల సంది?" "మూడొద్దుల సంది." ఆ సమాధానమే కీలకము. మతిమరుపు వ్యాధి నెలలు, ఏండ్లు పట్టి మెల్లగ క్రమ్ముకొనును. మూడు దినములలో సోయి తప్పినచో అది తరచుగా దేహమునందలి మఱియొక దోషపు ఫలము. మూత్రమున మంట గలదా? నీళ్లు త్రాగుచున్నదా? అటుపిమ్మట నర్సు గూటిలోని ప్లాస్టిక్ సంచి తెప్పించి మంచముపై బోర్లించును. బీపీ మాత్రలు, మెడికల్ షాపులో అడిగి తెచ్చిన నిద్రమాత్రలు, మఱియొక వైద్యుడు వ్రాసిన నిద్రమాత్రలే వేఱు పేరుతో. మూత్రము నధికముగ పోయించు బీపీ మాత్ర నెత్తుటిలో సోడియమును తగ్గించి మనస్సును తికమక పెట్టగలదు. రెండు నిద్రమాత్రలు కలసినచో కాలు జాఱి తుంటి విఱుగవచ్చును. ఆసుపత్రి గదిలోని వైద్యునికి ఈ సంచి కనబడదు. ఎవ్వరును దానిని తీసికొనిపోరు.

మఱి కల్లు సంగతి. తెలంగాణమున కొన్నిచోట్ల కల్లులో అల్ప్రాజోలం, డయాజిపాం వంటి మత్తుమందులు కలుపుదురు. 2015లో కల్తీపై దాడులు ముమ్మరమైనపుడు, అలవాటుపడినవారు ఆ మత్తు అందక వణకుచు, లేనివానిని చూచుచు, ఫిట్స్ వచ్చి ఆసుపత్రుల పాలైరి. నాలుగు దినములు కల్లు దుకాణము మూతపడినదా యని యడుగుట తెలిసిన నర్సు, అట్టి తాతకు పిచ్చి యను ముద్ర పడకుండ కాపాడును.

మతిమరుపు వ్యాధియు అల్పమైనది కాదు. 2023లో వెలువడిన ఒక పరిశోధన, మన దేశమున అఱువదేండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా ఇంచుమించు 88 లక్షలమందికి, అది కలదని అంచనా కట్టినది.

ఇక్కడ ఏమియు లేదనుట అన్యాయము. చేవెళ్ల ప్రభుత్వాసుపత్రిలో పాలియేటివ్ (ఉపశమన వైద్య) కేంద్రమున్నది. ‘ఆలన’ వాహనములో నర్సులు మంచము పట్టినవారి యిండ్లకే పోయి, పుండ్లు కడిగి, నొప్పికి మందిచ్చి వచ్చు పద్ధతి ఈ రాష్ట్రమున కలదు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ అను మానసిక ఆరోగ్య సహాయవాణి 14416 సంఖ్యపై తెలుగులోనే పలుకును. కాని చెవులు వినబడని ముదుసలికి ఫోను ఎంతవఱకు ఆసరా? 2018 మే 29న అమలులోనికి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మానసిక ఆరోగ్య నర్సును నిర్వచించినది గాని, మందు వ్రాయుట వైద్యుని చేతిలోనే యున్నది. ఆ అధికారము ఒక్కనాట నిమ్మని నేననను. అయితే 2017లో కరీంనగరమున నర్సులకు మంత్రసానితనమున ప్రత్యేకశిక్షణ నారంభించి, సహజకాన్పుల బాధ్యతను వారి చేతులకప్పగించిన రాష్ట్రమిదియే గదా! పురుడుపోయుటకు నమ్మిన చేతిని, అవ్వల మనస్సును పరీక్షించుటకు ఏల నమ్మరాదు? ఆలన వాహనములో మానసిక శుశ్రూష నేర్చిన నర్సు ఒక్కతె కూర్చుండి, జిల్లా మనోవైద్యుడు ఫోనులో తోడుగ నున్నచో, పని నేడే మొదలుకాగలదు.

ఆ నర్సు లేచిపోవుటకు ముందు చేయవలసిన పని యింకొకటి యున్నది. గడపకు చేరగిలి నిలిచిన కోడలివైపు తిరిగి, ఆమె యడుగును: "నువ్వు కండ్లనిండ నిద్రపోయి ఎన్నొద్దులైందమ్మా?"

"ఏమో అక్కా, యాదికి లేదు."