ఉడుతాభక్తి

సేతుబంధన సమయమున ఇసుక మోసిన యుడుత కథ వాల్మీకమున లేదు. రంగనాథ రామాయణమున గలదు. అట్టి సాయము నేడు మన యింటి కంప్యూటరును చేయగలదు.

మనము ఉత్తరములు వ్రాయునప్పుడు ఆ యంత్రము తన శక్తిలో కొంచెమే వినియోగించును. మిగిలినదానిని శాస్త్రజ్ఞుల కొసగు సాధనము బోయింక్. దీనిని 2002లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమువారు వెలువరించిరి. పెండ్లియింటి అప్పడములను ఇరుగుపొరుగు అమ్మలక్కలు తలా కొన్ని ఒత్తినట్లు, పెద్ద లెక్కను ముక్కలు చేసి ఇంటింటికి పంపుదురు. యంత్రము తన పాలు లెక్కగట్టి ఫలితమును మరల పంపును. పెక్కు పట్ల ఒకే ముక్కను రెండిండ్లకు పంపి సమాధానములు సరిచూతురు.

2010లో ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ అను పథకమున, అమెరికాలోని అయోవా దంపతుల యంత్రమును, జర్మనీలోని వేరొకరి యంత్రమును ఒక క్రొత్త పల్సారును బయటపెట్టినవి. సెకనుకు సుమారు 41 మారులు తిరుగు మృతనక్షత్ర మది. ఆ దంపతులు ఖగోళవేత్తలు కారు.

ఐనను ఈ దానము వ్యయము లేనిది కాదు. యంత్రము శ్రమించిన కొలది విద్యుత్తు ఖర్చగును, వేడి పుట్టును. ఎంత బలము వాడవలెనో, ఏ వేళ నడువవలెనో మనమే నియమింపవచ్చును. పథకమును నడుపువా రెవ్వరో తెలియక చేరరాదు. కచేరీ యంత్రములపై అనుమతి లేక పెట్టరాదు.

మాది బడిపంతులు జీతముపై నడచు సంసారము. కరెంటు పద్దు చూచుకొని, రాత్రి వంటిల్లు సర్దిన పిమ్మట రెండు గంటలు మాత్రము నడపుచున్నాము. మీకును వీలగునేమో విచారింతురు గాక.