గురువారం వచ్చే అంచనా

వాతావరణ శాఖకు వారం గురువారంతో మొదలవుతుంది. వాన లెక్కలు గురువారం నుంచి బుధవారం దాకా కడతారు. రాబోయే రెండు వారాల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టే అవకాశం ఎంతో చెప్పే అంచనా కూడా ఢిల్లీ నుంచి గురువారమే వస్తుంది. ఘంటసాల వైపు వరి చేసే నాకు నవంబరు నెలంతా అదే పంచాంగం.

కార్తీకం దాటేసరికి మా చేలల్లో సాంబమసూరి కోతకొస్తుంది. తుపాన్లకూ అదే అదను. పనల మీద వాన పడితే గింజ మొలకెత్తుతుంది. మిషన్‌తో కోయిద్దామంటే తడి చేలో దిగబడుతుంది. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు దగ్గర పేచీ. పక్క చేను కుర్రాడు గట్టు మీద నిలబడి, "ఏం బాబాయ్, కోయించేద్దామా, రెండ్రోజులు చూద్దామా?" అని అడుగుతాడు. చూడాల్సింది 36,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి.

అక్కడి నుంచి చూసేవి మన వాతావరణ ఉపగ్రహాలు. ఇన్శాట్-3డీఆర్ 2016లో, ఇన్శాట్-3డీఎస్ 2024 ఫిబ్రవరి 17న, రెండూ శ్రీహరికోట నుంచే లేచాయి. ఒక్కొక్కటి అరగంటకో బొమ్మ పంపుతుంది. వేళలు ఎడంగా సర్దితే పావుగంటకోటి చేతికొస్తుంది. రాత్రిపూట కూడా మబ్బు కనిపించడానికి కారణం, అది వెలుతురుతో కాకుండా వేడితో తీసిన బొమ్మ కావడం. టీవీలో ఎర్రగా చూపించే చోట నిజానికి మహా చలి. మబ్బు ఎంత ఎత్తుకు లేస్తే దాని తల అంత చల్లన. పెద్ద తుపాను తల సున్నాకు 70, 80 డిగ్రీల కింద ఉంటుంది.

ఆ బొమ్మల్ని చదవడమే పరిశోధకుల పని. వరసగా మూడు బొమ్మలు పెట్టి, మబ్బు తునక ఎటు జరిగిందో కొలిస్తే పైగాలి వేగం తేలుతుంది. మబ్బు చుట్ట ఎంత బిగిసిందో చూసి ఒక అంకె వేస్తారు. 1970ల్లో డ్వొరాక్ అనే అమెరికన్ కనిపెట్టిన పద్ధతి ఇది. అంకె 2.5కు చేరితే వాయుగుండం తుపానవుతుంది, పేరూ పెడతారు. ఉపగ్రహాల నుంచి వచ్చిన అంకెల్ని గాలిగా, తేమగా, వానగా మార్చే సూత్రాల మీద అహ్మదాబాద్‌లోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్‌లో పనిచేస్తారు. వాటిని నేలమీద కొలతలతో సరిచూడాలి. బందరు నుంచి ఎగిరే బెలూన్లు అందుకు పనికొస్తాయి.

ఎందుకు సరిచూడాలంటే, ఉపగ్రహానికి మబ్బు నెత్తి కనిపిస్తుంది గానీ కడుపులో ఎంత నీరుందో నేరుగా కనిపించదు. ఆ లోటు తీర్చేది 2004లో బందరులో పెట్టిన డాప్లర్ రాడార్. అది వాన చినుకుల్నే పట్టుకుంటుంది. కాకపోతే దాని చూపు కొన్ని వందల కిలోమీటర్ల దాకానే. అండమాన్ దగ్గర ఏదో పుడుతోందని ముందు చెప్పేది ఉపగ్రహమే.

1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చిననాడు మనకు సొంత వాతావరణ ఉపగ్రహం లేదు. పదివేల మందికి పైగా పోయారు. 1990 మే 9న దాదాపు ఇక్కడే, కృష్ణ సముద్రంలో కలిసే చోట తీరం దాటిన తుపానును ఇన్శాట్-1బీ కనిపెట్టుకుని ఉంది. పోయినవాళ్ళు వెయ్యి లోపు. ఆ ఘనతంతా ఆకాశానిదే అనను. లక్షల మందిని లేపి తీసుకెళ్ళినవాళ్ళు, 1977 తర్వాత కట్టిన తుపాను షెల్టర్లు లేకపోతే బొమ్మ బొమ్మగానే ఉండేది.

గుడివాడ వైపు చెరువులవాళ్ళకు తుపానే రానక్కర్లేదు. నాలుగు రోజులు ముసురు పట్టి ఎండ లేకపోతే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి చేప పైకి తేలుతుంది. ఏరేటర్లు ఎప్పుడు వేయాలో వాళ్ళకూ మబ్బు బొమ్మే చెప్పాలి.

తీరం దాటే రోజు టీవీల్లో కేకలు నాకెందుకూ పనికిరావు. అప్పటికి చేను దాని ఖర్మానికి ఉంటుంది. 2023లో మిచౌంగ్ తుపానుకు డిసెంబరు 3న పేరు పెట్టారు, 5వ తేదీ మధ్యాహ్నానికి బాపట్ల దగ్గర తీరం దాటేసింది. ఆ రెండ్రోజుల్లో ఎన్ని ఎకరాలు కోయిస్తారు, ఎన్ని మిషన్లు దొరుకుతాయి? గురువారం అంచనాలో 'తక్కువ', 'మధ్యస్థం', 'ఎక్కువ' అనే మాటలే ఉంటాయి. 'మధ్యస్థం' అని చూస్తే మిషన్‌వాడికి ఫోను చేస్తాను. మంగళ, శుక్రవారాల్లో వ్యవసాయ సలహా వస్తుంది: బోదెలు తవ్వండి, కోత ఆపండి, తడిసిన పనల మీద లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లండి, మొలక ఆగుతుంది. ఉప్పు బస్తా ముందే తెచ్చి పెట్టుకుంటే ఇంట్లో నవ్వుతారు. నవ్వనీ.