డోజ్ మీమ్‌లో కుక్క ఇదే! షిబా ఇను తెచ్చుకునే ముందు ఇవి తెలుసుకోండి

ఓరచూపు చూస్తూ, నవ్వాలా వద్దా అన్నట్టు మొహం పెట్టే డోజ్ మీమ్ గుర్తుందా? డోజ్‌కాయిన్ మీద ఉన్నదీ అదే మొహం. ఆ జాతి పేరు షిబా ఇను. జపాన్ భాషలో ఇను అంటే కుక్క. "బ్రో, ఎంత క్యూట్‌గా ఉందో, ఒకటి తెచ్చుకుందాం" అనుకునేవాళ్లు ఈ ఎపిసోడ్ చివరిదాకా చూడండి.

చూడ్డానికి బొమ్మలా ఉన్నా ఇది వేటకుక్క. జపాన్ కొండల్లో పొదల్లోకి దూరి పక్షుల్నీ, చిన్న జంతువుల్నీ బయటికి తరమడం దీని పని. మగది సుమారు 40 సెంటీమీటర్ల ఎత్తు, 10 కిలోల బరువు. ఆడది ఇంకాస్త చిన్నది. 1936లో జపాన్ దీన్ని సహజ స్మారకంగా (నేచురల్ మాన్యుమెంట్) గుర్తించింది. రెండో ప్రపంచ యుద్ధం, డిస్టెంపర్ జబ్బు కలిసి ఈ జాతిని దాదాపు తుడిచిపెట్టేశాయి. మిగిలిన కొద్ది కుక్కలతోనే మళ్లీ నిలబెట్టారు.

ఇప్పుడు అసలు విషయం. వేటలో సొంతంగా నిర్ణయం తీసుకునే కుక్క కాబట్టి, ఇంట్లో కూడా అంతే. పిలవగానే వస్తుందన్న గ్యారంటీ లేదు. పిల్లి కనిపించిందా, ఇక మీ మాట వినదు. అందుకే బయట లీష్ విప్పొద్దు, గేటు తెరిచి ఉంచొద్దు. నచ్చని పని చేస్తే మనిషి అరిచినట్టు కీచుమని అరుస్తుంది. గోళ్లు కత్తిరించేటప్పుడు పక్కింటోళ్లు పరిగెత్తుకొస్తే కంగారు పడకండి! కొట్టి నేర్పితే మొండికేస్తుంది. చిన్నప్పటి నుంచే మనుషుల్నీ, వేరే కుక్కల్నీ అలవాటు చేయాలి. మంచి పని చేస్తే తినడానికి ఏదైనా పెట్టాలి.

శుభ్రత విషయంలో మాత్రం పిల్లిలాంటిది, తనే నాక్కుంటుంది. కానీ బొచ్చు రెండు పొరలు. ఏడాదికి రెండుసార్లు విపరీతంగా రాలుతుంది, అప్పుడు రోజూ దువ్వాలి. ఎండాకాలం కదా అని గుండు కొట్టించొద్దు. ఆ బొచ్చే చర్మాన్ని ఎండ నుంచి కాపాడుతుంది.

ఇది చలికి తట్టుకునే కుక్క. మన విజయవాడ, రామగుండం ఎండలు దీనికి నరకమే. వాకింగ్ తెల్లవారుజామునో, రాత్రో. ముందు రోడ్డు మీద అరచేయి ఐదు సెకన్లు పెట్టి చూడండి. మీకు కాలితే దాని కాళ్లూ కాలతాయి. అలర్జీలు, మోకాలి చిప్ప జారడం, కంటి జబ్బులు కూడా రావచ్చు. ఆయుష్షు 12 నుంచి 15 ఏళ్లు. అంటే మీ కాలేజీ, ఉద్యోగం, పెళ్లి... అన్నిట్లో అది ఉంటుంది.

చివరిగా ఒక్క మాట. ఆ మీమ్‌లో కుక్క పేరు కబోసు. ప్రపంచాన్ని నవ్వించిన ఆ ఫొటో 2010లో తీసింది. దానికి రెండేళ్ల ముందు అది షెల్టర్‌లో, ఎవరూ లేని కుక్క. ఒక టీచర్ ఇంటికి తెచ్చుకుని, 2024లో అది చనిపోయేదాకా చూసుకున్నారు. మొహం చూసి ముచ్చటపడటం రెండు నిమిషాల పని. పెంచడం పదిహేనేళ్ల పని. మీరు దేనికి రెడీ? కామెంట్‌లో చెప్పండి.